వీధికంతా ఒకటే నంబరు

ఖుమ్రికి తాష్కెంట్‌లో ఎవడో ఉన్నాడన్న మాట బజారులో రొట్టెల వరసలో పుట్టింది. పుట్టించింది ముకర్రం. పాత పిల్లల బండిలో వేడి రొట్టెలు పేర్చుకుని, పైన దుప్పటి కప్పి అమ్ముతుందే, ఆవిడే. పేరు దాచి మర్యాద చెయ్యాల్సిన పనేమీ లేదు, ఆవిడ ఎవరి పేరూ దాచదు గనక. రొట్టెతోపాటు మాట కూడా వేడివేడిగానే అందిస్తుంది. ఆ మాట మన వీధి దాటి పక్క మహల్లాకి పోయి, అక్కడ నాలుగు నోళ్ళు తిరిగి, ఆ తాష్కెంట్ వాడికి ఒక కారూ, ఒక దుకాణమూ, చచ్చిపోయిన మొదటి పెళ్ళామూ ఏర్పడ్డాక మళ్ళీ మన వీధికే వచ్చింది. ఇంకొన్నాళ్ళు ఊరుకుంటే వాడికి పిల్లలు కూడా పుడతారు. అందుకని ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవడం మంచిది.

వీధికంతా పిన్ని వరసైన సబోహత్ ఖోలా దాన్ని మొదట విన్నది ముకర్రం నోటే. ఖోలా ఇల్లూ ఖుమ్రి ఇల్లూ ఒకే గోడకి అటూ ఇటూ. ఆ గోడలో ఒక చిన్న తలుపుంది, వంగి దూరాలి. అత్తగార్ల కాలంలో పెట్టించింది. గిన్నెలూ, పిల్లలూ, కబుర్లూ అందులోంచే పోతూ వస్తూ ఉంటాయి. అలాంటిది తనకి తెలియకుండా గోడవతల ఒక మగాడు పుట్టుకొచ్చాడంటే ఖోలాకి అంతకంటే నామర్దా ఏముంది?

"నా చెవులతో విన్నాను ఆపా," అంది ముకర్రం. "రెండు రొట్టెలు ఏరుకునే లోపు ఆ ఫోను మూడుసార్లు టింగుమంది. తీసింది, చూసింది, పెదాలు కదుపుతూ చదువుకుంది. చదువుకుని నవ్వింది! నలభై దాటిన ఆడమనిషికి తెల్లారకుండానే అన్ని సందేశాలు ఎవరు పంపుతారమ్మా?"

"నువ్వే పంపావు."

"నేనా? నా కళ్ళు పేలిపోనూ!"

"పేలనివ్వకు, రొట్టెలు ఎవరు కాలుస్తారు? మొన్న నీ మనవడికి బాలవాడి వరసలో పేరు రాయించుకున్నావా లేదా? ఆ కోడ్ ఎవరి ఫోనుకొచ్చింది?"

ముకర్రం దుప్పటి సర్దింది. "అది... అవుననుకో."

"నీది, నాది, యుల్దాష్ తాతది, మొత్తం వీధిది. అవే ఆ టింగుటింగులు. తాష్కెంట్ వాడట, తాష్కెంట్ వాడు!"

"సరే ఆపా, కోడ్‌లే అనుకో. మరి ఆ నవ్వు?"

జవాబు లేని ప్రశ్న ఖోలా కడుపులో పడితే పచ్చి ద్రాక్ష తిన్నట్టే, అరిగేదాకా నిద్ర పట్టదు. తర్వాత తర్వాత తెలిసింది. అందరి కోడ్‌లూ ఒక ఎత్తు, ఒకడి కోడ్ ఒక ఎత్తు. ఆ ఒకడూ పరాయివాడు కాదు. పదిమంది ముందు నికా చేసుకున్న మొగుడు నుర్మత్. రష్యాలో సమారా అనే ఊళ్ళో పలకలు పరిచే పని చేస్తాడు.

వీధికంతా ఒకటే నంబరు ఎలా అయిందంటే, సర్కారు పనులన్నీ ఫోనులోకి వచ్చిన ఏడు జరిగింది. అంతకు ముందు చిన్న కాగితం ముక్కకి కూడా జిల్లా ఆఫీసుకి పోవాలి. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి కిటికీ దగ్గరికి చేరేవాళ్ళం. చేరేసరికి కిటికీ మూసి, ఆవిడ టీ తాగడానికి లేచిపోయేది. ఇక ఆ బాధ లేదు, ఇంట్లో కూర్చునే పింఛనూ, పిల్లల బడీ, గ్యాసూ, కాగితాలూ అన్నీ అయిపోతాయన్నారు. అయితే ఒకసారి అందరూ పేరూ నంబరూ ఇచ్చి నమోదు చేయించుకోవాలి. మహల్లా ఆఫీసు ముందు బల్లలు వేసి ఆడపిల్లలు కూర్చున్నారు. మొదట నిలబడింది యుల్దాష్ తాత. ఏ వరసలోనైనా ఆయనే మొదట నిలబడతాడు, చివరికి మిగిలేదీ ఆయనే.

"నంబరు చెప్పండి తాతా."

"నాకు ఫోనెక్కడిదమ్మా? మావాడిది రాసుకో." తాత టోపీలోంచి చీటీ తీశాడు.

"ఇది రష్యా నంబరు. కుదరదు."

"ఎందుక్కుదరదూ? సాయంత్రం చెయ్యి, పని దిగాక ఎత్తుతాడు. మంచి పిల్లాడు."

"తాతా, మన దేశపు నంబరు కావాలి."

తాత అటూ ఇటూ చూశాడు. ఎదురుగా ఖుమ్రి ఇంటి నీలం గేటు. దాని మీద తెల్ల రంగుతో రాసి ఉంది, బొంతలూ పరుపులూ కుట్టబడును అని, కింద పెద్ద పెద్ద అంకెల్లో నంబరు. "అదుగో, అది రాసుకో. అదెక్కడికీ పోదు," అన్నాడు.

వెనక ఉన్నవాళ్ళందరికీ ఆ ఉపాయం నచ్చేసింది. మన వీధి సంగతి తెలిసిందే, మగాళ్ళలో సగం మంది రష్యాలో. వెళ్ళేవాడు సరిహద్దు దాటగానే ఇక్కడి సిమ్ము తీసి పారేస్తాడు. ముసలాళ్ళకి ఫోను రాదు. కోడలి చేతికి ఫోనిస్తే ఇల్లు గుల్లవుతుందనే అత్తలు ఇంకా ఉన్నారు. ఇక అందరికీ చదవొచ్చిన నంబరు ఆ గేటు మీదిదే. సబోహత్ ఖోలాకి సొంత ఫోనుంది. అయినా అందరూ ఇస్తుంటే తనొక్కతే వేరే ఇవ్వడం బాగోదని అదే ఇచ్చింది. ఆ ఏడే ఇంటికొచ్చి, తిరిగి రష్యా వెళ్ళేముందు నుర్మత్ ఇచ్చిందీ అదే. వాళ్ళ వాళ్ళ పెళ్ళాల నంబరూ తల్లుల నంబరూ ఇచ్చి పోయిన మగాళ్ళు బోలెడుమంది, అతనూ వాళ్ళలో ఒకడు. ఖుమ్రిని ఎవరూ అడగలేదు. ఆ రోజు ఆవిడ పెరట్లో పత్తి కొడుతోంది. సాయంత్రం గేటు తీసేసరికి వీధి వీధంతా తన ఫోనులో ఉంది.

ఈ కోడ్‌ల తంతు ఏమిటంటే, ఎవరైనా ఫోనులో సర్కారు పని మొదలెట్టగానే, నువ్వు నువ్వేనా అని అడుగుతూ కొన్ని అంకెలు వస్తాయి. వాటి ఆయుష్షు రెండు నిమిషాలు. ఆలోపు చెప్పకపోతే చచ్చిపోతాయి, మళ్ళీ పుట్టించుకోవాలి. ఎవరి మనవడో ఫోను పట్టుకుని పని మొదలెట్టేవాడు. "ఖుమ్రీ! వచ్చిందా?" అని గోడ మీంచి కేక. "వచ్చింది వచ్చింది! ఏడు, సున్నా, నాలుగు..." అని ఇటునించి కేక. మొదట్లో వీధిలో కుక్కలు కూడా ఆ అంకెలకి మొరిగేవి. తర్వాత అలవాటు పడ్డాయి.

పరిగెత్తి వచ్చేవాళ్ళు ఎంత కంగారులో ఉన్నా వట్టి చేతుల్తో రారు కదా. ఒకరు గుమ్మడికాయ సమోసాలు, ఒకరు గిన్నెడు పెరుగు, ఒకరు ఎండు ఆప్రికాట్లు. తెచ్చిన గిన్నె ఖాళీగా వెనక్కి పంపకూడదు గనక ఖుమ్రి అందులో ఏదో ఒకటి పెట్టేది. అలా పదిళ్ళ వంట ఆవిడ ఇంట్లో ఉండేది. తినేది మాత్రం ఒక్కతే.

మంచి విషయం ఇంకోటుంది. కోడ్ కింద అది దేనికో కూడా రాసి ఉంటుంది. అంటే ఎవరు ఇల్లు అమ్మకానికి పెట్టారో, ఎవరు విడాకులకి రాశారో, ఎవరి కొడుకు పేరు మీద జరిమానా పడిందో, అందరికంటే ముందు తెలిసేది ఖుమ్రికి. ఆ అవకాశం సబోహత్ ఖోలాకి దొరికి ఉంటే! ఖోలా ప్రయత్నం చెయ్యకపోలేదు. ఒకసారి హల్వా పళ్ళెం పట్టుకుని గోడ తలుపులోంచి వంగి వచ్చింది.

"మూలింటి కోడలు నిన్న ఎందుకొచ్చిందే?"

"కోడ్ కోసం ఖోలా."

"కోడ్ కోసమేలే. దేని కోడ్?"

"హల్వా బాగా కుదిరింది. వాల్‌నట్‌లు వేయించి వేశారా?"

"ఖుమ్రీ!"

"ఆ అమ్మాయినే అడగండి ఖోలా. నాకు అంకెలే కనిపిస్తాయి, అక్షరాలు చిన్నవి."

అబద్ధం! ఆ కళ్ళు సూదిలో దారం చీకట్లో కూడా ఎక్కిస్తాయి. ఖోలా హల్వా తిరిగి తీసుకుపోదామా అనుకుంది గానీ, అది మర్యాద కాదు.

ఖుమ్రి పుట్టింది పట్టు మిల్లు వెనక వాడలో. తల్లి గూళ్ళు ఉడికించి దారం తీసేది. వేడినీళ్ళలో చేతులు పాడై, కూతురి పెళ్ళి చూడకుండానే పోయింది. పెళ్ళయి ఇక్కడికొచ్చాక నుర్మత్ కొన్నేళ్ళు ఉన్నాడు. పిల్లలు కలగలేదు. డాక్టర్లూ, దర్గాల జియారత్‌లూ, ముసలమ్మలిచ్చిన వేళ్ళూ అన్నీ అయ్యాయి. తర్వాత అందరిలాగే అతనూ రష్యా పోయాడు. ఏడాదికోసారి వచ్చేవాడు, తర్వాత రెండేళ్ళకోసారి. అత్తగారు మంచాన పడితే చూసుకున్నది ఖుమ్రే. ఆవిడ పోయిన రోజు నుర్మత్ రాలేకపోయాడు. ఎవరో ఫోను ఎత్తి పట్టుకుంటే అందులోంచే ఏడ్చాడు. అటు తర్వాత ఆ పెద్ద ఇంట్లో ఖుమ్రీ, పత్తి బస్తాలూ. కొత్త పెళ్ళికూతుళ్ళకి బొంతలు కుడుతుంది. మన మర్గిలాన్ ఊళ్ళో ఆవిడ కుట్టిన బొంత మీద కాపురం మొదలెట్టని పిల్ల తక్కువ. ఒకరోజు ఖోలా ఆ మాటే అంటే, "అవును ఖోలా, అందరి పడకా నా చేతి మీదుగానే," అని నవ్వింది. నవ్వి, దారం పళ్ళతో కొరికింది.

నుర్మత్ ఫోన్లు తగ్గాయి. తగ్గి తగ్గి పండగ పూట ఒకటి, తర్వాత అదీ లేదు. సమారాలో ఒకావిడతో ఉంటున్నాడని అక్కణ్ణించి వచ్చినవాళ్ళు చెప్పారు. వీధిలో అందరికీ తెలుసు, ఖుమ్రి ముందు ఎవరూ అనరు. ఖుమ్రీ అనదు. మన దగ్గర ఆడవాళ్ళు మొగుణ్ణి పేరు పెట్టి పిలవరు కదా, ఫలానా పిల్లాడి నాన్న అంటారు. పిల్లలు లేని ఖుమ్రికి ఆ పిలుపూ లేదు. "ఆయన" అంటుంది, అంతే.

కానీ ఆయన అక్కడ పని చెయ్యాలంటే ఏటా పర్మిట్టు కొత్తది తీసుకోవాలి. దానికి ఇక్కడి నించి ఒక కాగితం కావాలి, ఈ మనిషి మీద కేసులేమీ లేవని. ఆ కాగితం ఫోనులోనే వస్తుంది. కోడ్ మాత్రం ఖుమ్రి ఫోనుకొస్తుంది. కాబట్టి ఏడాదిలో ఒకసారో రెండుసార్లో నుర్మత్ పెళ్ళానికి ఫోను చేసి తీరాలి, అదీ రెండు నిమిషాల్లో.

ఒక మధ్యాహ్నం ఖోలా అక్కడే ఉండి కళ్ళారా చూసింది. ఇద్దరూ అరుగు మీద కూర్చుని గుడ్డ కత్తిరిస్తున్నారు. ఫోను టింగుమంది. ఖుమ్రి చూసింది. చేతులకంటిన దూది గబగబా దులుపుకుంది. తలగుడ్డ విప్పి, జుట్టు లోపలికి దోపి, మళ్ళీ కట్టుకుంది. అప్పుడు ఫోను మోగింది. మొహం కనిపించని ఫోనే!

"వచ్చిందా?" అంది లోపలి గొంతు. గోడవతల చీమ నడిచినా వినే చెవులు ఖోలావి.

"వచ్చింది," అని ఖుమ్రి అంకెలన్నీ చదివింది.

"ఆఁ, పట్టింది. బాగున్నావా?"

"బాగున్నాను. మీరు..."

అప్పటికే ఆగిపోయింది. ఫోను ఒళ్ళో పెట్టుకుని ఖుమ్రి నవ్వింది. బజార్లో ముకర్రం చూసిన నవ్వూ ఇదే అయ్యుంటుందని ఖోలాకి అప్పుడు అర్థమైంది.

ఆలోచిస్తే ఇదెంత తిరకాసు! మన దగ్గర అప్పు అడగడానికొచ్చినవాడు కూడా ముందు ఒంట్లో ఎలా ఉందనీ, ఇంట్లో అందరూ కులాసానా అనీ, పశువులు ఎలా ఉన్నాయనీ అడిగి, టీ ఒక విడత చల్లారాక గానీ అసలు మాట ఎత్తడు. ఈ రెండు నిమిషాల కోడ్ వచ్చి దాన్ని తలకిందులు చేసేసింది. పని ముందు, పలకరింపు వెనక. పనయ్యాక పలకరింపుకి ఎవరాగుతారు?

ఈ ఏడు ఖర్బూజాలు అయిపోయే వేళకి కొత్త ఆజ్ఞ వచ్చింది. ఒక మనిషికి ఒక నంబరు, ఎవరిది వాళ్ళకే ఉండాలి. కొత్త సంవత్సరం లోపు మార్చుకోనివాళ్ళకి ఫోనులో ఏ పనీ జరగదు. మార్చుకోవాలంటే రెండు దార్లు. పాత నంబరుకి వచ్చే కోడ్ చెప్పడం ఒకటి. అది దొరక్కపోతే పాస్‌పోర్టు పట్టుకుని మనిషి స్వయంగా మన ఆఫీసుకి వచ్చి మొహం చూపించడం రెండోది.

వీధి ఒక్కసారిగా కదిలింది. రష్యా కొడుకులు ఫోన్లు కొని పంపారు. అత్తలు కూడా దిగొచ్చారు, కోడళ్ళ చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి. అందరూ వరసగా ఖుమ్రి గేటు తట్టారు, చివరి కోడ్ తీసుకుపోవడానికి. యుల్దాష్ తాతకి కొడుకు పెద్ద ఫోను పంపాడు. దాంట్లో మొహం చూపించి కళ్ళార్పాలట.

"ఆర్పండి తాతా," అంది ఖుమ్రి.

"ఆర్పుతూనే ఉన్నానే! డెబ్భై ఏళ్ళ నించీ ఆర్పుతున్నాను."

"నెమ్మదిగా ఆర్పండి. కనుబొమలు పైకెత్తండి, కళ్ళ మీద పడుతున్నాయి."

"ఇవి మా నాన్న కనుబొమలు. ఆయన లేస్తే లేస్తాయి."

చివరికి ఖుమ్రే రెండు వేళ్ళతో ఆయన కనుబొమలు పైకి పట్టుకుంటే ఫోను ఒప్పుకుంది. పాత నంబరుకి కోడ్ వచ్చింది. ఖుమ్రి చదివింది, తాత నమోదు తాత సొంత నంబరుకి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ తాత గుప్పెడు ఎండుద్రాక్ష చేతిలో పెట్టి, "అమ్మయ్య, ఇన్నాళ్ళూ నిన్ను విసిగించాం. ఇంక నీకు మా బాధ తప్పింది తల్లీ," అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. అందరూ అదే అన్నారు.

బాధ తప్పడమంటే ఎలా ఉంటుందో తర్వాత కనిపించింది. ఫోను కిటికీ గట్టు మీద ఉంటుంది, పలకదు. గేటు తట్టేవాళ్ళు లేరు. ఎవరి గిన్నెలు వాళ్ళిళ్ళకి చేరిపోయాయి. సబోహత్ ఖోలా కూడా తన నంబరు మార్చుకుంది. చేతిలో ఫోనుండగా మార్చుకోకపోతే ఎలా? ఒక పొద్దున గోడ తలుపులోంచి చూస్తే ఖుమ్రి ఫోను చేతిలోకి తీసుకుని, పని చేస్తోందో లేదోనని గంట మోగించి చూసుకుంటోంది. మోగింది. మళ్ళీ గట్టు మీద పెట్టేసింది.

అప్పుడు తట్టింది ఖోలాకి. వీధంతా పోయాక ఆ నంబరు మీద ఇంకొకడు మిగిలాడు. ఆగలేక వంగి అవతలికి వెళ్ళింది.

"ఖుమ్రీ, అతను మార్చుకున్నాడా?"

"ఇంకా లేదు."

"మార్చుకోవాలంటే నువ్వు కోడ్ చెప్పాలిగా?"

"చెప్పాలి."

"చెప్పకు!" ఖోలా అరుగు మీద చతికిలబడింది. "ఒసే పిచ్చిదానా, దేవుడే పగ్గం నీ చేతికిచ్చాడు. కోడ్ చెప్పకపోతే వాడు రావాలి. విమానం ఎక్కి, సూట్‌కేసు పట్టుకుని, ఆ గేటు తోసుకుని రావాలి. రానీ! వీధిలో అందరి ముందూ నడిచి రానీ. నేనే ఎదురెళ్ళి అడుగుతా."

"ఏమని అడుగుతారు?"

"ముందు టీ ఇచ్చి తర్వాత అడుగుతాలే. నువ్వు మాత్రం నోరు కుట్టేసుకో. నీకు కుట్టడం రాకపోవడమేమిటి?"

ఖుమ్రి నవ్వలేదు. "వస్తే ఎన్నాళ్ళుంటాడు ఖోలా? ఆఫీసు పని అయ్యేదాకా."

"ఒక్క పూటైనా ఉంటాడుగా. ఎదురుగా కూర్చుని నీ చేతి వంట తింటాడుగా."

ఖుమ్రి ఒక దూది పింజ అందుకుని విడదీసింది. తర్వాత అంది, "కొత్త సంవత్సరానికి పర్మిట్టు అయిపోతుంది. కాగితం లేకపోతే పని పోతుంది. అక్కడ పాప ఉంది."

ఖోలా నోరు తెరిచింది. పాప సంగతి ఖోలాకే తెలియదు! "నీకెవరు చెప్పారు?"

"పాప పుట్టినట్టు రాయించుకోవడానికి ఇక్కడి కాగితమేదో కావాల్సొచ్చింది. ఆ కోడ్ కూడా నాకేగా వచ్చింది."

"చెప్పావా?"

"చెప్పాను. బాగున్నావా అని కూడా అడిగాడు ఆ రోజు."

జీవితంలో మొట్టమొదటిసారి సబోహత్ ఖోలా ఇంకో ప్రశ్న వెయ్యకుండా వెనక్కి వంగి ఇంటికెళ్ళింది. వెళ్ళి కోడలి మీద కారణం లేకుండా అరిచింది.

అయితే ఆ మాట లోపల దాచుకోవడం ఖోలా వల్ల అయ్యే పనా? పాప సంగతి మింగేసింది గానీ, పగ్గం సంగతి నలుగురికీ చెప్పింది. వీధి రెండుగా చీలింది. చెప్పకూడదన్నవాళ్ళలో ముందు ముకర్రమే. తాష్కెంట్ వాణ్ణి పుట్టించిన ముకర్రం! ఇప్పుడు "మొగుణ్ణి రప్పించుకోక ఏం చేస్తుంది పాపం" అని కళ్ళొత్తుకుంటూ రొట్టెలమ్మింది. యుల్దాష్ తాత మాత్రం, "కోడ్ కోసం వచ్చేవాడు కోడ్ తీసుకుని పోతాడు," అని ఊరుకున్నాడు.

చలి మొదలయ్యాక ఒక మధ్యాహ్నం ఖుమ్రి పెరట్లో ఎండలో అందరూ చేరారు. ముకర్రం మనవరాలి పెళ్ళికి బొంతలు. పెళ్ళిబొంతలకి నలుగురు ముత్తైదువలు కూర్చోవడం రివాజు. దూది చువ్వలతో కొడుతుంటే నలుగురి కనుబొమలూ తెల్లబడి, నలుగురూ యుల్దాష్ తాతలా ఉన్నారు. ఆ మాటే ముకర్రం అంటే ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. ఆ నవ్వులో ఫోను టింగుమంది.

నవ్వు ఆగిపోయింది. ఇంకెవరిదై ఉంటుంది? ఆ నంబరు మీద ఇంకెవరున్నారు?

ఖుమ్రి లేచి చేతులు దులుపుకుంది. తలగుడ్డ సర్దుకుంది. గట్టు మీద ఫోను తీసి చూసింది. మోగుతుండగానే లోపలికి వెళ్ళి తలుపు మూసుకుంది. చువ్వలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"చెప్పదు," అంది ముకర్రం మెల్లగా. "నాకు తెలుసు. మొహం చూశారా?"

"హుష్," అంది ఖోలా. కానీ దూది గది తలుపు మందమైనది, ఎంత చెవి ఒగ్గినా ఏమీ వినిపించలేదు. తలుపు తెరుచుకోలేదు. కాసేపటికి లోపల ఫోను మళ్ళీ మోగింది.

"చూశావా! చెప్పలేదు, అందుకే మళ్ళీ చేస్తున్నాడు. బతిమాలుతున్నాడు!" ముకర్రం ఖోలా తొడ మీద కొట్టింది. "వస్తాడే, వస్తాడు!"

ఈసారి ఎక్కువసేపు పట్టింది. ఎండ అరుగు అంచు దాకా జరిగింది. ఖుమ్రి బయటికొచ్చి, తన చోట కూర్చుని, సూది తీసుకుంది. దారం ఎక్కించింది, ఒక్కసారికే ఎక్కింది. ఎవరూ అడగలేదు. పెళ్ళికి ఎన్ని మేకలు కొయ్యాలో, పులావ్ వంటవాడు ఎవరో మాట్లాడుకున్నారు. ఖుమ్రీ మాట్లాడింది, పసుపు క్యారెట్లే వేయించమని చెప్పింది. కుట్టు ముగిశాక ఒక్కొక్కరే లేచారు. వెళ్తూ వెళ్తూ ముకర్రం ఖోలాకి కళ్ళతో సైగ చేసింది, అడుగూ అని.

చివరికి అరుగు మీద ఇద్దరే మిగిలారు. ఖోలా బొంత ఒక మూల పట్టుకుంది, ఖుమ్రి ఇంకో మూల. ఇద్దరూ దాన్ని మడిచారు. మడత మీద చెయ్యి వేసి సబోహత్ ఖోలా ఇక ఆగలేకపోయింది.

"ఖుమ్రీ, దేవుడి మీద ఒట్టు, సూటిగా చెప్పు. కోడ్ ఇచ్చావా, లేదా?"

"ఇచ్చాను ఖోలా. మొదటిసారి ఒక అంకె తప్పు చెప్పాను. మళ్ళీ చేశాడు. కొత్త కోడ్ వచ్చేదాకా ఆగాలి కదా, ఆ కాసేపూ మాట్లాడాడు. అక్కడ అప్పుడే మంచు పడుతోందట."